గీస్తే అంటుకునే మందు ఇంట్లో ఎందుకు చేయకూడదు

దీపావళి దగ్గర పడుతున్న వారాల్లో నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. నేను రసాయనశాస్త్రం బోధిస్తానని తెలిసిన కుర్రాళ్లు, ముఖ్యంగా దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు గదులు తీసుకుని చదువుకునే పిల్లలు, "సార్, అగ్గిపెట్టెతో, అగరొత్తితో పని లేకుండా, గీస్తే చాలు టపాసు వత్తి అంటుకునేలా ఇంట్లోనే ఏదైనా చేసుకోవచ్చా?" అని అడుగుతుంటారు. వాళ్ల కుతూహలం నాకు నచ్చుతుంది. మార్కుల కోసం కాకుండా, ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న ఆశతో రసాయనశాస్త్రం వైపు వచ్చే పిల్లలు ఎక్కువమంది ఉండరు. అయినా నా జవాబు ప్రతిసారీ "వద్దు" అనే. ఒక్క మాటతో వద్దని ఊరుకుంటే వాళ్లు గదికి వెళ్లి ఫోన్‌లో వెతుక్కుంటారు, అక్కడ దొరికే వీడియోల్లో పాళ్లు ఉంటాయి గానీ కారణాలు ఉండవు. అందుకని ఆ కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఏ మిశ్రమం పాళ్లూ, ఏ తయారీ పద్ధతీ ఇందులో ఉండవు.

ముందుగా రాపిడి అంటే ఏమిటో చూద్దాం. రెండు గరుకు తలాలను ఒకదానిపై ఒకటి జరిపినప్పుడు అవి అంతటా ఒకే తీరుగా తాకవు, ఎత్తుగా ఉన్న కొద్ది కొసల దగ్గర మాత్రమే తాకుతాయి. చేతి బలమంతా ఆ కొసల మీదే పడుతుంది కనుక అక్కడ పుట్టే వేడి చుట్టూ ఉన్న పదార్థంలోకి పాకేలోపే ఆ చిన్న చోటు భగ్గుమనే స్థితికి చేరుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ బౌడెన్ బృందం గత శతాబ్దపు మధ్యకాలంలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. పేలుడు పదార్థాల్లో మంట మొదలయ్యే చోటు మిల్లీమీటరులో వందో వంతు కంటే కూడా చిన్నదిగా ఉండవచ్చు, అక్కడి ఉష్ణోగ్రత మాత్రం నాలుగైదు వందల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, ఇదంతా సెకనులో వెయ్యో వంతు లోపు జరిగిపోతుంది. గాజుపొడి, ఇసుక వంటి గట్టి రేణువులు మందులో కలిస్తే ఈ వేడి చుక్కలు మరింత సులువుగా పుడతాయి. చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉన్న మందు లోపల ఒకే ఒక్క రేణువు దగ్గర అంత వేడి పుట్టవచ్చన్నమాట. "మెల్లగా కలిపితే ఏమీ కాదు సార్" అనే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. మెల్లగా కలపడం వల్ల మొత్తం మందు వేడెక్కకుండా ఉంటుందేమో గానీ, ఒక రేణువు వేడెక్కకుండా ఆపే శక్తి మన చేతికి లేదు.

రాపిడితో వెలిగే మందుల కథ పొటాషియం క్లోరేట్‌తో మొదలవుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త బెర్తోలే 1780 దశకంలో దీన్ని తయారుచేశాడు. అప్పటివరకు తుపాకి మందుకు సురేకారమే ఆధారం. క్లోరేట్ దానికంటే తేలికగా ఆక్సిజన్ ఇస్తుందని గమనించిన వెంటనే, సురేకారం బదులు దీన్ని వాడితే మరింత బలమైన మందు వస్తుందన్న ఆలోచన సహజంగానే కలిగింది. 1788 అక్టోబర్‌లో పారిస్‌కు దక్షిణాన ఉన్న ఎసోన్ మందు కర్మాగారంలో ఆ ప్రయత్నం జరిగింది. ఆధునిక రసాయనశాస్త్రానికి పునాది వేసిన లవోజియే, ఆయన భార్య, బెర్తోలే ముగ్గురూ ఆనాడు అక్కడికి వచ్చారు. వారు మందు నూరుతున్న చోటి నుంచి కాస్త పక్కకు వెళ్లిన సమయంలో మిశ్రమం పేలిపోయింది. కర్మాగారం అధికారి, ఆయనతో ఉన్న ఒక యువతి చనిపోయారు. ఆనాటి ప్రపంచంలో ఆ పదార్థం గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు, తగిన పరికరాలు ఉన్నాయి, ప్రమాదం ఉండవచ్చన్న ఎరుక కూడా ఉంది. అయినా ఏ క్షణంలో పేలుతుందో వారికి తెలియలేదు. నా తరగతిలో క్లోరేట్ పాఠం వచ్చినప్పుడల్లా ఈ సంఘటన చెప్పకుండా ముందుకు వెళ్లను. జ్ఞానం ఎక్కువ ఉన్నంత మాత్రాన ఈ మిశ్రమాలు మన మాట వినవని విద్యార్థులకు తెలియాలి.

అదే క్లోరేట్ దాదాపు 40 ఏళ్ల తర్వాత గీసే అగ్గిపుల్ల తలపైకి చేరింది. ఇంగ్లండ్‌లోని స్టాక్టన్ పట్టణంలో మందుల దుకాణం నడిపిన జాన్ వాకర్ 1827లో గీస్తే వెలిగే పుల్లలను అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన అమ్మకాల చిట్టాలో వాటి మొదటి అమ్మకం ఆ ఏడాది ఏప్రిల్ 7న నమోదై ఉంది. మడతపెట్టిన గరుకు కాగితం మధ్య పుల్లను పెట్టి లాగితే అంటుకునేది. పుల్లకు పూసిన మందులో క్లోరేట్‌తో పాటు ఆంటిమొని సల్ఫైడ్ ఉండేది. పూర్వం కంటికి పెట్టుకునే సుర్మాగా నూరి వాడిన రాయి కూడా ఇదే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. వాకర్ పుల్లలు కొన్నిసార్లు అంటుకునేవి కావు, కొన్నిసార్లు మండుతున్న తల ఊడి తివాచీ మీదో బట్టల మీదో పడేది. ఈ కష్టం తీర్చాలని 1830 దశకం మొదట్లో ఫ్రాన్స్‌లో షార్ల్ సోరియా తెల్ల భాస్వరం వాడాడు. ఆ పుల్లలు గోడ మీద గీసినా, చెప్పు అడుగున గీసినా వెలిగేవి. జేబులో ఒకదానికొకటి రాసుకుని కూడా వెలిగేవి. తెల్ల భాస్వరం ఆవిరి పీల్చిన కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయాయి. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల కర్మాగారపు స్త్రీలు, బాలికలు చేసిన సమ్మె వెనుక ఆ జబ్బు భయం కూడా ఉంది. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు దాని వాడకాన్ని మానుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి, మన దేశంలో 1913లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి తెల్ల భాస్వరం అగ్గిపుల్లలను నిషేధించారు.

ఇక మన వంటింట్లో ఉన్న అగ్గిపెట్టె సంగతి. దీన్ని నేను మనిషి తెలివికి గొప్ప ఉదాహరణగా భావిస్తాను, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. 1840 దశకంలో వియన్నాలో ష్రోటర్ ఎర్ర భాస్వరాన్ని అధ్యయనం చేసి, అది తెల్ల భాస్వరంలా విషపూరితం కాదని, గాలి తగిలితే దానంతట అది అంటుకోదని చూపించాడు. 1844లో స్వీడన్‌కు చెందిన గుస్తావ్ ఎరిక్ పాష్ ఆ ఎర్ర భాస్వరాన్ని పుల్ల తల మీద కాకుండా పెట్టె పక్కన పూయాలని ప్రతిపాదించాడు. యోన్‌షోపింగ్ పట్టణపు లుండ్‌స్ట్రోమ్ సోదరులు దాన్ని నిజంగా అమ్మదగిన వస్తువుగా మార్చి, 1855లో పారిస్ ప్రదర్శనలో బహుమతి అందుకున్నారు. వాళ్లు కనిపెట్టిన కీలకం ఒక్కటే. కలిస్తే అంటుకునే రెండు పదార్థాలను రెండు వేర్వేరు చోట్ల ఉంచారు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోనే ఈ పాఠం ఉంది. పుల్లను గీసినప్పుడు పెట్టె పక్కనున్న ఎర్ర భాస్వరంలో అతి కొద్ది భాగం తెల్ల భాస్వరంగా మారి, పుల్ల తలలోని క్లోరేట్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి తలలోని మిగతా మందు అంటుకుంటుంది. అంటే ప్రమాదకరమైన కలయిక జరుగుతుంది, కాకపోతే మనం గీసినప్పుడు, గీసిన ఆ గీత మీద, కంటికి కనిపించనంత కొద్ది మోతాదులో మాత్రమే జరుగుతుంది. మిగతా సమయమంతా రెండూ విడివిడిగా నిద్రపోతుంటాయి. కర్ర పుల్ల తయారీలోనూ ఇంతే శ్రద్ధ ఉంది. మంట తల నుంచి కర్రకు పాకేందుకు పుల్ల కొసను మైనంలో ముంచుతారు, ఆర్పిన తర్వాత నిప్పు కణికలా మిగలకుండా కర్రకు ఫాస్ఫేటు లవణం పట్టిస్తారు.

ఇంట్లో గీస్తే అంటుకునే మందు చేయాలనుకునే వ్యక్తి చేయబోయేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని. 1844 తర్వాత లోకం ఎంతో ఆలోచించి విడదీసిన వాటిని ఆయన తన గదిలో, ఒక గిన్నెలోనో కాగితం మీదో మళ్లీ ఒకచోట చేర్చాలనుకుంటున్నాడు. ఒక పుల్ల తల మీద ఉన్నంత మందు అంటుకుంటే వేలు చురుక్కుమంటుంది. పది టపాసులకు సరిపోయేంత మందు ఒక్కచోట ఉండి అంటుకుంటే వేళ్లు మిగలవు. చిన్నప్పుడు అగ్గిపుల్లల మందు గోకి పోగుచేసి ఆడుకున్న ఆటలు మా తరంలో చాలామందికి గుర్తుంటాయి, ఆ ఆటల్లో కన్ను పోగొట్టుకున్నవాళ్లు కూడా ఆ తరంలోనే ఉన్నారు.

రాపిడికి ఒక పదార్థం ఎంత సులువుగా లొంగుతుందో కొలిచే పరీక్ష ఉంది. జర్మనీలో పదార్థాలను పరీక్షించే బీఏఎం అనే ప్రభుత్వ సంస్థ రూపొందించిన పరికరంలో పింగాణీ పలక మీద చిటికెడు మందు పెట్టి, పింగాణీ మేకును దానిపై ఆనించి, బరువు మారుస్తూ రుద్దుతారు. 80 న్యూటన్ల కంటే తక్కువ ఒత్తిడికే, అంటే సుమారు ఎనిమిది కిలోల బరువుకు లోపే, ఆరుసార్లలో ఒక్కసారి పేలినా ఆ పదార్థాన్ని ఆ రూపంలో రవాణా చేయకూడదని ఐక్యరాజ్యసమితి నియమాలు చెబుతున్నాయి. గమనించండి, ఆరుసార్లలో ఒక్కసారి. ఐదుసార్లు ఏమీ కాకపోవడం భద్రతకు రుజువు కాదని ఆ పరీక్ష రూపంలోనే ఉంది. ఇంట్లో చేసుకునేవాడి దగ్గర మాత్రం ఉండే రుజువు అదొక్కటే: "మొన్న చేశాను, ఏమీ కాలేదు." మొన్నటి పొడి కంటే ఇవాళ్టి పొడి కాస్త మెత్తగా ఉండవచ్చు. మొన్న ముసురు పట్టి గాలిలో తేమ ఉండి ఉండవచ్చు, ఇవాళ హైదరాబాద్ ఎండకు గది పొడిగా మారి, పాలిస్టర్ చొక్కా మీద స్థిర విద్యుత్తు పోగై ఉండవచ్చు. డబ్బా మూత మరలో ఇరుక్కున్న నాలుగు రేణువులు మూత తిప్పగానే రాపిడికి లోనవుతాయి. ఇలాంటి తేడాలను కొలిచే సాధనం ఏ ఇంట్లోనూ ఉండదు.

తాకిడికి పేలే మందు రోడ్డు మీదికి వస్తే ఏమవుతుందో 2024 దీపావళి రోజున ఏలూరులో చూశాం. అక్టోబర్ 31న ద్విచక్ర వాహనం మీద ఉల్లిపాయ బాంబులు తీసుకువెళుతుండగా బండి గుంతలో పడి, సంచి కుదుపుకు గురై, మొత్తం ఒక్కసారిగా పేలిపోయింది. ఒకరు అక్కడికక్కడే ప్రాణం కోల్పోయారు, మరో ఆరుగురు గాయపడ్డారు. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు, ఎవరూ వెలిగించలేదు. మన నగరంలో గుంత లేని వీధి ఏదో చెప్పమంటే నేను చెప్పలేను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. "మా తాతయ్య వాళ్లు ఇంట్లోనే మతాబులు, చిచ్చుబుడ్లు, తారాజువ్వలు కూరేవారట కదా, వాళ్లకేమీ కాలేదు కదా?" అని అడుగుతారు. నిజమే, కోస్తా జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో ఆ జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. ఏమీ కాలేదన్నది పూర్తిగా నిజం కాదు. కాలిన చేతులు ఆ రోజుల్లోనూ ఉన్నాయి, పత్రికకు ఎక్కలేదంతే. దానికంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. వాళ్లు వాడింది సురేకారం. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందుకు నిప్పంటే ఆకలి ఎక్కువ గానీ, రాపిడికి అది అంత తేలికగా స్పందించదు. అందుకే అది శతాబ్దాల పాటు మనుషుల చేతుల్లో మనగలిగింది. గీస్తే వెలగాలన్న కోరిక పుట్టగానే ఆ కుటుంబాన్ని వదిలి క్లోరేట్ కుటుంబంలోకి అడుగు పెట్టాల్సి వస్తుంది. తాతగారి అనుభవం అక్కడ పనికిరాదు. పైగా ఇంట్లో ఉన్న పాత గంధకం పొడి, తేమ తగిలి కొద్దిగా ఆమ్ల గుణం పొంది ఉంటే, క్లోరేట్‌తో కలిసినప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే అంటుకోగలదు. రాత్రి కలిపి అటక మీద పెట్టిన డబ్బా తెల్లవారుజామున మండడానికి ఇదొక కారణం. బ్రిటన్ 1894లోనే బాణసంచాలో గంధకం, క్లోరేట్‌ల మిశ్రమాన్ని నిషేధించింది. మన దేశంలో 1992 నుంచి ఆ నిషేధం అమలులో ఉంది. అనుమతి ఉన్న కర్మాగారాలకు కూడా వద్దన్న పనిని హాస్టల్ గదిలో చేయడం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు.

కర్మాగారాల విషయానికి వస్తే, శివకాశి చరిత్ర ఈ విషయంలో నాకు ఎంతో ఆసక్తి కలిగిస్తుంది. 1920ల మొదట్లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చారు. వర్షాలు తక్కువగా, గాలి పొడిగా ఉండే వాళ్ల ఊరిలో ఆ పరిశ్రమ నిలదొక్కుకుంది. తర్వాత రంగు అగ్గిపుల్లలు, ఆ పైన బాణసంచా వచ్చాయి. అంటే బాణసంచా పరిశ్రమకు తల్లి అగ్గిపుల్లే. ఇంత అనుభవం ఉన్న చోట, ఒక్కో గదిలో ఎంతమంది ఉండాలో, ఎంత మందు ఉండాలో, గదికీ గదికీ మధ్య ఎంత ఎడం ఉండాలో నియమాలు రాసిపెట్టుకున్న చోట కూడా, 2012 సెప్టెంబర్‌లో ముదలిపట్టి కర్మాగారంలో జరిగిన పేలుడులో ముప్పైమందికి పైగా చనిపోయారు. నియమాలు తప్పిన చోటల్లా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఏ నియమమూ లేని పడకగది సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం బాణసంచా కూడా పేలుడు పదార్థమే. అనుమతి లేకుండా తయారుచేస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. "అమ్మడానికి కాదు, సరదాకి చేశాను" అన్నది జవాబు కాదు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికో విదేశీ వీసాకో ఎదురుచూసే కుర్రాడి మీద అలాంటి కేసు ఉంటే అతని భవిష్యత్తు ఏమవుతుందో తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు.

మరి కుతూహలాన్ని ఏం చేయాలి? ఇందుకు నా దగ్గర మంచి జవాబే ఉంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటిలో సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ సౌకర్యం ఉంది. సింకు పక్కన, పెద్దవాళ్ల ఎదుట, ఒక మామూలు అగ్గిపుల్లను గీస్తూ దాన్ని చిత్రీకరించమని మా విద్యార్థులకు చెబుతాను. గీత మీద ముందుగా మెరిసే నిప్పురవ్వలు, తర్వాత తలలోంచి వచ్చే తెల్లని మంట, పొగ, చివరికి కర్రకు పాకే పసుపు మంట ఒకదాని వెంట ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. కొత్త పెట్టె పక్కకూ, వాడి అరిగిన పక్కకూ తేడా ఎందుకు వస్తుందో ఆలోచించవచ్చు. తేమ తగిలిన పెట్టె ఎందుకు మొరాయిస్తుందో రాసుకోవచ్చు. రంగుల మీద ఆసక్తి ఉంటే కళాశాల ప్రయోగశాలలో జ్వాలా పరీక్ష ఉంది. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ, రాగి నీలి ఆకుపచ్చ, ఇవన్నీ అక్కడ అధ్యాపకుల పర్యవేక్షణలో చూడవచ్చు. దీపావళి ఆకాశంలో కనిపించే రంగులకు మూలం ఆ లవణాలే. ఈ విద్యనే వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారికి అనుమతి పొందిన సంస్థల్లో శిక్షణ, ప్రదర్శనల నిర్వహణ వంటి దారులు ఉన్నాయి. పెద్ద ప్రదర్శనల్లో దూరం నుంచి విద్యుత్తుతో వెలిగించే పరికరాలను వాడతారు, అవి కర్మాగారాల్లో పరీక్షించి తయారైనవి.

ఇంట్లో టపాసులు వెలిగించడానికి పొడుగాటి కాకరపువ్వొత్తి గానీ, పొడుగాటి అగరొత్తి గానీ చాలు. చేయి పూర్తిగా చాచి, ముఖం పక్కకు తిప్పి, వత్తి చివరను మాత్రమే అంటించి వెనక్కి రావాలి. నూలు బట్టలు వేసుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. అంటుకోని టపాసును మళ్లీ వెలిగించాలని వంగి చూడకూడదు. చాలాసేపు ఆగి దూరం నుంచి నీళ్లు పోసి వదిలేయాలి. లోపలి మందు విప్పి పోగుచేయడం అసలే వద్దు, ఎందుకంటే అందులో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు.

చేయి కాలితే కుళాయి కింద పారే నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐసుగడ్డ ఏవీ పెట్టకూడదు. ఉంగరం, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. శుభ్రమైన తడి గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయాలి, లేదా ఉస్మానియా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కంటికి దెబ్బ తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది పీకకూడదు. కాగితపు కప్పు లాంటిది కంటికి తగలకుండా పైన ఆనించి, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. దీపావళి రాత్రి అక్కడికి ఏటా కళ్లు దెబ్బతిన్న పిల్లలు వస్తూనే ఉంటారు. కంటిలో పడింది పొడి మాత్రమే అయితే, ఆసుపత్రికి బయలుదేరే ముందు మంచినీళ్లతో ధారాళంగా కడగాలి.